దడ వచ్చినప్పుడే దొరకాలి: గుండె లయ పరీక్షలతో నా అనుభవం

నాకు దడ వచ్చేది ఉన్నట్టుండి. మెట్లెక్కితేనో, కోపం వస్తేనో కాదు. బోర్డు మీద లెక్క చేస్తూ, కింద పడిన సుద్దముక్క కోసం వంగితే చాలు, స్విచ్ వేసినట్టు మొదలయ్యేది. గుండె ఒక్కసారిగా పరుగందుకునేది. మెడకు రెండు పక్కలా టపటపా కొట్టుకునేది. అది ముందు బెంచీలో పిల్లలకు కనబడుతుందేమోనని చున్నీ పైకి లాక్కునేదాన్ని. ఒకసారి ఐదు నిమిషాలుండేది, ఒకసారి అరగంట దాటేది. ఎంత హఠాత్తుగా వచ్చేదో అంత హఠాత్తుగా ఆగిపోయేది. ఆ తర్వాత గంటసేపు బాత్రూముకు తిరగడమే పని.

నా వయసు 44. విశాఖ గోపాలపట్నంలో ఉంటాం. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. బీపీ లేదు, షుగర్ లేదు. ఈ దడ గురించి చెబితే ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. మా అత్తయ్య నీరసం అంది. స్టాఫ్‌రూములో గ్యాస్ అన్నారు. మా చెల్లెలు థైరాయిడ్ అని తేల్చేసింది. మొదట్లో చూపించుకున్న ఒక డాక్టరు గారు నా మాట సగంలోనే ఆపి, "టెన్షన్ తగ్గించుకోండమ్మా, నిద్ర బిళ్ల రాస్తాను" అన్నారు. నలభై దాటిన ఆడమనిషి దడ అంటే టెన్షన్ అని రాసేయడం ఎంత తేలికో అప్పుడర్థమైంది. నాకు టెన్షన్ లేకపోలేదు, దడ వస్తే ఎవరికి మాత్రం ఉండదు? కానీ నా విషయంలో ముందొచ్చేది దడ, టెన్షన్ దాని వెనకాల వచ్చేది.

మా వీధిలో ఉండే ఫ్యామిలీ డాక్టరు గారు మాత్రం పద్ధతిగా వెళ్లారు. ముందు రక్తపరీక్షలు రాశారు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, పొటాషియం. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా గుండె వేగం పెరుగుతుంది కాబట్టి ముందు వాటిని తేల్చుకోవాలన్నారు. నా హిమోగ్లోబిన్ కాస్త తక్కువ వచ్చింది, మిగతావి బాగున్నాయి. ఐరన్ బిళ్లలు వాడితే నీరసం తగ్గింది, దడ తగ్గలేదు. ఆయన తీసిన ఈసీజీ కూడా నార్మల్. "నార్మల్ వచ్చింది కదా అని వదిలేయకండి, ఇది తీసినప్పుడు మీకు దడ లేదుగా" అని గుండె డాక్టరుకు రాసిచ్చారు. ఆ తర్వాత నేను చేయించుకున్న పరీక్షలన్నిటికీ ఆ మాటే వర్తించింది.

విశాఖలో గుండె డాక్టరంటే చాలామంది రామ్‌నగర్ వైపో, ఆరిలోవ హెల్త్ సిటీ వైపో వెళ్తారు. మేం మొదట రామ్‌నగర్ వెళ్లాం. అపాయింట్‌మెంట్ పొద్దున్నకే ఇచ్చినా, పిలిచేసరికి మధ్యాహ్నం కావచ్చింది. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లు ఆ రోజుకు వేరే పని పెట్టుకోకపోవడమే మంచిది. డాక్టరు గదిలోకి వెళ్లకముందే సిస్టర్ బీపీ, బరువు, నాడి చూసి, ఈసీజీ తీయించి ఆ కాగితం ఫైల్లో పెడుతుంది. పాత రిపోర్టులు తేదీల వరసలో పెట్టుకుని, వాడుతున్న బిళ్లల స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్తే లోపల సగం సమయం కలిసొస్తుంది. ఎర్ర బిళ్ల, తెల్ల బిళ్ల అని చెబితే ఏ డాక్టరుకైనా ఏం తెలుస్తుంది?

ఆ డాక్టరు గారు నన్ను అడిగిన ప్రశ్నలు ఏ పరీక్షకూ తీసిపోవు. "దడ వచ్చినప్పుడు ఎలా కొట్టుకుంటుందో ఈ బల్ల మీద వేలితో కొట్టి చూపించండి" అన్నారు. కొట్టాను. టకటకటకమని, ఒకే వరసలో, చాలా వేగంగా. "మధ్యలో తప్పుతుందా? ఒకటి ఆగి, రెండు గబగబా, అలా?" అన్నారు. లేదన్నాను. మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుందా, ఒక్కసారే మొదలై ఒక్కసారే ఆగుతుందా? కళ్లు తిరిగి పడిపోయారా? ఛాతీలో నొప్పి, ఆయాసం? ఇంట్లో చిన్నవయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లున్నారా? కాఫీ ఎంత తాగుతారు? జలుబు మందులేమైనా వాడుతున్నారా? చివర్లో, "ఆగాక మూత్రం ఎక్కువ వస్తుందా?" అన్నారు. ఆశ్చర్యపోయాను. గుండె అంత వేగంగా కొట్టుకునేటప్పుడు పై గదుల మీద ఒత్తిడి పడుతుందట. అవి ఒక హార్మోను విడుదల చేస్తే, నీళ్లు బయటికి పంపమని కిడ్నీలకు కబురు వెళ్తుందట. బాత్రూముకూ గుండెకూ సంబంధం ఉంటుందని నేనైతే ఎన్నడూ అనుకోలేదు.

పడిపోవడం, ఛాతీ నొప్పి, ఆయాసం, ఇంట్లో అకాల మరణాలు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదని, దడతో పాటు స్పృహ తప్పినా ఛాతీ నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయాలని గట్టిగా చెప్పారు. నాకవేవీ లేవు. "మీరు చెప్పినదాన్ని బట్టి నాకొక అనుమానం ఉంది. కానీ అనుమానానికి వైద్యం చేయను. ముందు కాగితం మీద పట్టుకుందాం" అని పరీక్షలు రాశారు.

ఈసీజీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఛాతీ మీద ఆరు, చేతులకూ కాళ్లకూ కలిపి నాలుగు తీగలు పెడతారు. నొప్పి ఉండదు, పట్టుమని పది సెకన్లలో గీత వచ్చేస్తుంది. ఆడవాళ్లకు చెప్పాల్సిందొకటుంది. ముందు హుక్కులున్న జాకెట్టో, పైనా కిందా విడిగా ఉండే బట్టలో వేసుకెళ్లండి. లేడీ టెక్నీషియన్ కావాలంటే మొహమాటపడకుండా అడగండి. నాకు తీసినామె శ్రీకాకుళం మనిషి. నా చేయి పట్టుకుని, "ఏటమ్మా, చేతులింత చల్లగున్నాయి? బయమేస్తందా? ఏటీ అవదు, కదలకుండా పడుకోండి" అంది. బిగుసుకుపోయినా, వణికినా గీత కూడా వణుకుతుందట. ఆమె ఏసీ తగ్గించి, నా కాళ్ల మీద దుప్పటి కప్పి మళ్లీ తీసింది.

తర్వాత ఎకో, అంటే గుండెకు చేసే స్కానింగ్. చీకటి గదిలో ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటారు. ఛాతీ మీద చల్లటి జెల్ రాసి, పరికరాన్ని పక్కటెముకల మధ్య నొక్కుతారు. కాసేపు కాస్త నొప్పిగానే ఉంటుంది. కవాటాలు తెరుచుకుని మూసుకోవడం తెర మీద కనబడుతుంది. మధ్యలో రక్తం పారే చప్పుడు వినిపిస్తే ఉలిక్కిపడకండి, అది మిషన్ చప్పుడే. గుండె కండరం ఎలా ఉంది, కవాటాలు సరిగా పనిచేస్తున్నాయా, గదులేమైనా పెద్దవయ్యాయా అన్నవి ఎకో చెబుతుంది. గుండె ఎంత బలంగా పంప్ చేస్తుందో ఎజెక్షన్ ఫ్రాక్షన్ అనే శాతం రాస్తారు. నాకు 62 వచ్చింది. మా ఆయన అది చూసి మార్కుల లెక్కన ఫస్ట్ క్లాసేనన్నారు గానీ, దీనికి నూరుకు నూరు అనేది ఉండదు. దాదాపు 55 నుంచి 70 మధ్య ఉంటే బాగున్నట్టే. రిపోర్టు కింద "ట్రివియల్ టీఆర్" అని ఉంది. కవాటం లీకవుతోందని నెట్‌లో చదివి ఆ రాత్రంతా నాకు నిద్రలేదు. తీరా చూస్తే అంత చిన్న లీకు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా చాలామందికి కనిపిస్తుందట. డాక్టరు గారు దాన్ని కన్నెత్తి చూడలేదు.

టీఎంటీ అంటే ట్రెడ్‌మిల్ పరీక్ష. బ్రూస్ పద్ధతి అంటారు. ప్రతి మూడు నిమిషాలకూ వేగమూ, ఎత్తూ పెరుగుతాయి. 220లోంచి వయసు తీసేసి, దానిలో 85 శాతం వచ్చేదాకా గుండె వేగాన్ని తీసుకెళ్తారు. నాకు 176లో 85 శాతం, అంటే 150. ఆ లెక్క మనసులో చేసుకుంటూ ఎక్కాను. మొదటి మూడు నిమిషాలు ఏముందిలే అనిపించింది. మూడో మెట్టుకు వచ్చేసరికి సింహాచలం మెట్లు పరుగెత్తుకుంటూ ఎక్కుతున్నట్టే ఉంది. చీరతో వెళ్లకండి. చుడీదార్, బూట్లు ఉండాలి, కడుపు నిండా తినకూడదు. పక్కనే డాక్టరుంటారు, ఆపమంటే ఆపేస్తారు. నా గుండె 150 దాటింది, చెమటలు కారాయి, నేను ఎదురుచూస్తున్న దడ మాత్రం రాలేదు. ఈ పరీక్ష ముఖ్యంగా గుండె రక్తనాళాల్లో అడ్డంకుల అనుమానాన్ని తేల్చడానికి. శ్రమ పడితేనే వచ్చే లయ తేడాలకైతే పనికొస్తుంది. నాది శ్రమతో వచ్చేది కాదు.

తర్వాత హోల్టర్. ఛాతీకి స్టిక్కర్లు అంటించి, చిన్న రికార్డరును మెడలో వేలాడదీసి ఇంటికి పంపిస్తారు. ఒక రోజంతా గుండె కొట్టుకున్న ప్రతిసారీ అందులో నమోదవుతుంది. నిమిషానికి 72 చొప్పున లెక్కేస్తే రోజుకు లక్ష దాటుతుంది. అది పెట్టుకుని స్నానం చేయకూడదు. విశాఖలో మే నెలలో స్నానం లేకుండా రోజు గడపడం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. సాయంత్రమయ్యేసరికి చెమటకు రెండు స్టిక్కర్లు ఊడొచ్చాయి. వాళ్లు ముందే ఇచ్చిన టేపు అంటించుకుని నెట్టుకొచ్చాను. వీలుంటే చల్లటి రోజుల్లో పెట్టించుకోండి, లేదా టేపు ఎక్కువ అడిగి తీసుకోండి.

రికార్డరుతో పాటు ఒక కాగితం ఇస్తారు. ఏ సమయంలో ఏం చేస్తున్నాం, ఏమనిపించింది అని రాయాలి. చాలామంది దాన్ని ఖాళీగా తిరిగిచ్చేస్తారట. అసలు పని దానితోనే. మనకు తేడాగా అనిపించిన నిమిషంలో గీత ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూస్తారు. "రాత్రి 9.40, అంట్లు తోముతుండగా గుండె ఒకసారి తప్పినట్టనిపించింది" అని రాశాను. రిపోర్టులో సరిగ్గా అక్కడ ఒక తొందరపాటు స్పందన ఉంది. ముందుగా ఒకటి పడి, తర్వాత కాస్త ఆగి, ఆ తర్వాతది గట్టిగా కొడుతుంది. గుండె తప్పినట్టు మనకనిపించేది అదేనట. గుండె నిర్మాణం బాగున్నవాళ్లకు అప్పుడొకటి, అప్పుడొకటి ఇలా రావడం మామూలే, మందు కూడా అక్కర్లేదన్నారు. ఒక అనుమానం తీరింది. అసలు దొంగ మాత్రం ఆ రోజు సెలవు పెట్టాడు.

ఈసీజీ నార్మల్, ఎకో నార్మల్, టీఎంటీ నెగెటివ్, హోల్టర్‌లో ఏం లేదు. బంధువులు "చూశావా, ఏం లేదు, అనవసరంగా డబ్బులు" అన్నారు. నిజానికి ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. గుండె నిర్మాణం బాగుందా అంటే ఎకో బాగుందంది. రక్తనాళాల్లో అడ్డంకి ఉందా అంటే టీఎంటీ కనబడలేదంది. "నీకు వచ్చే ఆ దడ ఏమిటి?" అన్న ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు, అది వచ్చినప్పుడు అక్కడ ఎవరూ లేరు కాబట్టి. డాక్టరు గారు కూడా అదే అన్నారు. వారం, రెండు వారాలు ఉంచుకునే ప్యాచ్‌లుంటాయి. ఈసీజీ తీసే స్మార్ట్ వాచీలున్నాయి. ఊరికే నాడి లెక్క చూపించే వాచీని ఇంత వేగం దగ్గర నమ్మలేం, ఈసీజీ గీత తీసి దాచే రకమైతే ఉపయోగమే అన్నారు. వీటన్నిటికన్నా చవకైన ఉపాయం, దడ వచ్చిన వెంటనే దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అందులోకి వెళ్లి ఈసీజీ తీయించుకోవడం. "ఆ కాగితం మాత్రం వదలకండి. ఒరిజినల్ తీసుకోండి, ఫోన్‌లో ఫోటో కూడా తీసి పెట్టుకోండి. థర్మల్ కాగితం కొన్నాళ్లకు వెలిసిపోతుంది" అన్నారు.

చెప్పినంత తేలిక కాలేదు. తర్వాత దడ వచ్చినప్పుడు ఆటోలో దగ్గర్లోని ఒక ఆసుపత్రికి వెళ్తే, ముందు కౌంటర్లో పేరు రాయించుకోండి, ఫోన్ నెంబరు చెప్పండి, ఓటీపీ వస్తుంది, బిల్లు కట్టి రండి అన్నారు. వాళ్ల కంప్యూటర్లో నా ఇంటిపేరు స్పెల్లింగు సరిచేస్తుండగానే దడ ఆగిపోయింది. ఈసీజీ తీశారు. నార్మల్! ఆ కౌంటర్ దగ్గర వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. దడ ఉందని వచ్చిన మనిషికి ముందు ఈసీజీ తీసి, తర్వాత బిల్లు అడిగితే వాళ్ల సొమ్మేం పోతుంది?

ఆ తర్వాత కాలేజీలో ఇన్విజిలేషన్ చేస్తుండగా మళ్లీ వచ్చింది. తోటి లెక్చరర్ నన్ను స్కూటీ మీద ఎక్కించుకుని ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లి, గుమ్మంలోనే "గుండె దడ, ముందు ఈసీజీ!" అని గట్టిగా అరిచింది. మీరు కూడా అలాగే అరవండి. రెండు నిమిషాల్లో తీగలు పెట్టేశారు. నిమిషానికి 188. డ్యూటీ డాక్టరమ్మాయి ఆ కాగితం చూసి, "మేడమ్, ఇది ఎస్‌వీటీ. మీకు టెన్షన్ కాదు" అంది. ఆ మాటకు నాకు కన్నీళ్లొచ్చాయి. గుండె 188 కొడుతున్నప్పుడు సంతోషించినదాన్ని నేనొక్కదాన్నేనేమో.

ఎస్‌వీటీ అంటే గుండె పైభాగంలోని కరెంటు దారిలో షార్ట్‌కట్ ఏర్పడి, సంకేతం అక్కడే గిరగిరా తిరగడం. ఆపడానికి ముందు నాకు పది మిల్లీలీటర్ల ఖాళీ సిరంజి ఇచ్చి, దాని లోపలి కడ్డీ కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊదమన్నారు. ఊదడం ఆపగానే ఇద్దరు సిస్టర్లు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు రెండూ పైకెత్తారు. చూడటానికి నాటువైద్యంలా ఉంటుంది గానీ, దీని మీద ఇంగ్లండులో పెద్ద పరిశోధనే జరిగింది. 2015లో అచ్చయింది. మామూలుగా కూర్చుని ఊదితే 17 శాతం మందికి లయ కుదుటపడితే, ఇలా పడుకోబెట్టి కాళ్లెత్తితే 43 శాతం మందికి కుదిరింది. నేను మిగిలిన 57లోకి వచ్చాను. ఇది డాక్టరు నేర్పాకే ఇంట్లో చేసుకోవాలి. మెడ నరం నొక్కుకోవడం లాంటివి సొంతంగా అసలే చేయకూడదన్నారు.

తర్వాత అడినోసిన్ ఇంజెక్షన్. ఆస్తమా ఉందా అని అడిగారు. మోచేతి దగ్గర పెద్ద నరానికి కాన్యులా పెట్టి, మందు ఎక్కించిన వెంటనే సెలైన్‌తో తోసేశారు. ముందే చెప్పారు, కొన్ని సెకన్లు ప్రాణం పోతున్నట్టుంటుంది, అంతలోనే తగ్గిపోతుందని. సరిగ్గా అలాగే ఉంది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు, ముఖమంతా వేడి. మానిటర్ మీద గీత ఒక్క క్షణం చదునుగా సాగి, మళ్లీ తాపీగా మొదలైంది. 84. అప్పుడే లోపలికి వచ్చిన మా ఆయన ఆ చదును గీత చూసి గోడ పట్టుకుని నిలబడిపోయారు. మీ వెంట వచ్చినవాళ్లకు కూడా ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఈసారి కాగితం చేతికొచ్చింది. రామ్‌నగర్ డాక్టరు గారు దాన్ని చూసి, గుండె లయ స్పెషలిస్టు అంటే ఎలక్ట్రోఫిజియాలజిస్టు దగ్గరకు పంపారు. వీళ్లు గుండె డాక్టర్లే, ఆ తర్వాత కరెంటు దారుల మీద విడిగా శిక్షణ తీసుకున్నవాళ్లు. ఆరిలోవ వైపు వెళ్లాం. ఆయన నా ఎకో, టీఎంటీ రిపోర్టులను ఒక్క చూపుతో పక్కన పెట్టేశారు. దడ ఉన్నప్పటి ఈసీజీ, లేనప్పటి ఈసీజీ రెండూ బల్ల మీద పక్కపక్కన పరిచారు. వీ1 అని రాసి ఉన్న గీత మీద పెన్ను మొన పెట్టి, "ఇక్కడ చూడండి" అన్నారు. దడ ఉన్న కాగితంలో ప్రతి నిటారు గీత చివరా చిన్న బొడిపె. అదే చోట నార్మల్ కాగితంలో అది లేదు. అర మిల్లీమీటరు కూడా ఉండదేమో. ఆ బొడిపె పై గదుల సంకేతం. మామూలుగా పై గదులు ముందు, కింది గదులు తర్వాత కొట్టుకోవాలి. నాకు దడ వచ్చినప్పుడు రెండూ దాదాపు ఒకేసారి కొట్టుకుంటున్నాయి. మధ్యలో ఉండి సంకేతాన్ని పైనుంచి కిందికి దాటించే ఏవీ నోడ్ దగ్గర కొందరికి రెండు దారులుంటాయట, ఒకటి వేగంగా వెళ్లేది, ఒకటి నిదానంగా వెళ్లేది. సంకేతం ఒకదాని గుండా దిగి రెండోదాని గుండా ఎక్కి తిరుగుతూ ఉంటుంది. దీన్ని ఏవీఎన్‌ఆర్‌టీ అంటారు. ఆడవాళ్లలో ఎక్కువట. మెడలో టపటపా కూడా అందుకే. పై గదులు మూసుకున్న కవాటాల మీద కొట్టుకుంటే రక్తం వెనక్కి మెడ నరాల్లోకి తన్నుతుంది.

ఆయన ఏదీ బలవంతపెట్టలేదు. ఇది ప్రాణం తీసే రకం కాదు కాబట్టి, అరుదుగా వస్తే ఊదే పద్ధతి నేర్చుకుని ఊరుకోవచ్చు. రోజూ బిళ్ల వేసుకోవచ్చు, తగ్గుతుంది గానీ పూర్తిగా పోతుందని చెప్పలేం. లేదా ఈపీ స్టడీ, అంటే గుండెలోకి తీగలు పంపి కరెంటు దారులు చూసే పరీక్ష చేసి, ఆ నిదానపు దారిని అబ్లేషన్‌తో కాల్చేయొచ్చు. ఈ రకానికి అది నూటికి 95 మందికి పైగా కుదురుతుంది. ముప్పేమిటని అడిగాను. మంచి దారి పక్కనే ఉంటుంది కాబట్టి అది దెబ్బతిని పేస్‌మేకర్ పెట్టాల్సి రావడం నూటికి ఒకరికి, ఇంకా తక్కువే అన్నారు. ఆ అంకె దగ్గర కొన్నాళ్లు ఆగాను. సంభావ్యత పాఠం చెప్పేదాన్నే అయినా, ఆ నూటిలో ఒకరు నేనైతే అన్న ఆలోచన వదల్లేదు. కొన్నాళ్లు బిళ్లలు వాడాను. వాటితో నీరసం, తెల్లారి లేవబుద్ధి కాకపోవడం. మధ్యలో బైపాస్ మీద బస్సులో నిలబడి ఉండగా దడ వచ్చింది. అప్పుడు అబ్లేషన్‌కే ఒప్పుకున్నాను.

లయ బిళ్లలు కొన్ని రోజుల ముందే ఆపించారు. అవి ఒంట్లో ఉంటే లోపల దడ రప్పించలేరు. ముందు రాత్రి నుంచి ఏమీ తినకూడదు. గజ్జల దగ్గర షేవ్ చేస్తారు. క్యాథ్ ల్యాబ్‌లో చలి చంపేస్తుంది, దుప్పటి అడగండి. గజ్జ దగ్గర మత్తు సూది తప్ప వేరే నొప్పి తెలియలేదు. సిర గుండా సన్నటి తీగలు గుండె దాకా పంపుతారు. పూర్తి మత్తు ఇవ్వలేదు, మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. విచిత్రమైన ఘట్టం తర్వాత వచ్చింది. వాళ్లు కావాలని నా దడను రప్పించారు. ఎన్నాళ్లుగానో దాక్కున్నది ఇన్ని మిషన్ల ముందు దొరికిపోయింది. "అమ్మా, మీకు వచ్చేది ఇదేనా?" అని డాక్టరు గారు అడిగితే, "ఇదే, ఇదేనండీ" అన్నాను. కాల్చేటప్పుడు ఛాతీలో కాస్త మంట. తర్వాత చాలాసేపు ఆగి, మళ్లీ రప్పించడానికి ప్రయత్నించారు. రాలేదు.

ఆ తర్వాత కాలు చాచి కదలకుండా గంటల తరబడి పడుకోవడమే అన్నిటికంటే కష్టం. నడుం పట్టేసింది. మర్నాడు డిశ్చార్జ్ అని పొద్దున చెప్పినా, ఇన్సూరెన్స్ అనుమతి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. వారం పాటు బరువులెత్తొద్దన్నారు. గజ్జ దగ్గర నీలంగా కమిలిన మచ్చ కొన్నాళ్లుంది. మొదటి వారాల్లో గుండె అక్కడక్కడా ఒక కొట్టు తప్పినట్టుండేది, దడ మాత్రం రాలేదు. ఖర్చుల సంగతి ఆసుపత్రికొకటి, గదికొకటి. ప్యాకేజీలో ఏమేం ఉన్నాయో రాయించుకోండి. రేషన్ కార్డు ఉన్నవాళ్లు ఒప్పుకోకముందే ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే పాత ఆరోగ్యశ్రీ, కౌంటర్లో ఆరోగ్యమిత్రను అడగాలి. ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో కూడా గుండె విభాగం ఉంది.

రివ్యూకు వెళ్లినప్పుడు తోడుగా మా అత్తయ్య వచ్చింది. 74 ఏళ్లు, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. ఎలాగూ వచ్చింది కదా అని సిస్టర్ ఆమె బీపీ కూడా చూసింది. మిషన్ లయ సరిగా లేదన్న గుర్తు చూపించింది. నాడి పట్టుకుంటే ఒకటి పెద్దది, రెండు చిన్నవి, ఒక వరసంటూ లేదు. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే పై గదులు లయ తప్పి వణకడం. నేను ఇన్నాళ్లు వెంటపడినా దొరకనిది, ఆమెకు ఒక్క ఈసీజీలోనే దొరికింది. పైగా ఆమెకు దడ లేదు, ఆయాసం లేదు. "నాకేటయ్యింది, బాగానే ఉన్నానుగా?" అంది.

అక్కడ డాక్టరు గారి ప్రశ్నలు పూర్తిగా మారిపోయాయి. నాకు దడ ఎందుకొస్తుందని వెతికారు. ఆమెకు పక్షవాతం రాకుండా ఎలా అని చూశారు. పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతుంటే అక్కడ రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు వెళ్లే ప్రమాదం ఉంటుంది. వయసు, బీపీ, షుగర్ లాంటివాటికి మార్కులు వేసి, రక్తం పలుచన చేసే మందు అవసరమా కాదా తేలుస్తారు. ఈ ఒక్క పరీక్షలో మార్కులెక్కువ రావడం మంచిది కాదు. ఎకోలో కవాటాలు చూశారు, కిడ్నీల కోసం క్రియాటినిన్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చేయించి, రక్తం పలుచన చేసే బిళ్ల పొద్దునా రాత్రీ వేసుకోమని రాశారు. ఒక్క పూట కూడా మానకూడదు, పన్ను పీకించుకున్నా ముందు చెప్పాలి అన్నారు. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో కొనుక్కుని మింగే బిళ్లలు ఆపేయమనేసరికి అత్తయ్యకు కోపమొచ్చింది. ఈ మందుతో అవి కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుందని రెండుసార్లు చెబితే గానీ ఒప్పుకోలేదు.

అంతా అయ్యాక, లేచి వెళ్లబోతూ అసలు ప్రశ్న అడిగింది. "బాబూ, ఆషాఢ పున్నానికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేయొచ్చా?" డాక్టరు గారు నవ్వి, "ముప్పై రెండు కిలోమీటర్లమ్మా!" అన్నారు. "తెలుసు, ఏటా చేస్తన్నాను." ఆయన నావైపు చూసి, గుండె వేగం ఎలా ఉందో ప్రదక్షిణకు ముందు నెలలో వచ్చి చూపించమని, బిళ్ల మానకుండా, నొప్పి మాత్ర మింగకుండా, ఆయాసం వచ్చిన చోట ఆగిపోయేటట్టయితే కొంత దూరం నడవనివ్వండి అన్నారు. ప్రస్తుతానికి కుదిరిన ఒప్పందం: కొండ కింద మొదటి మెట్టు, అంటే తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి ముడసర్లోవ దాకా నడవడం, అక్కడి నుంచి ఆటో. దానికి ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.